పక్క గదికి వినిపించే గిటార్

సంగీత పాఠశాల, పై అంతస్తు
ఫిబ్రవరి 3

బావమరిదికి,

మీ కంపెనీకి మూడుసార్లు ఈమెయిల్ పెట్టాను. మూడుసార్లూ "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని మరుక్షణంలో జవాబొచ్చింది. అంత తొందరగా విలువ కట్టేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. నువ్వు ఆ కంపెనీలోనే ఉద్యోగం చేస్తున్నావు. ఆ నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే పేజీలన్నీ నువ్వే రాస్తున్నావు. పైగా మా ఆవిడకి సొంత తమ్ముడివి. ఇన్ని అర్హతలున్న మనిషి నాకు ఇంకొకడు దొరకడు.

విషయం ఇది. మీ సాఫ్ట్‌వేర్‌లో స్వరాలు రాసి ప్లే బటన్ నొక్కితే పియానో పియానోలాగే పలుకుతోంది. వయొలిన్ పరవాలేదు. గిటార్ మాత్రం గిటార్ బొమ్మ అతికించిన అట్టపెట్టెలా పలుకుతోంది. ఆరు తీగలూ మీటేటప్పుడు చెయ్యి పైనుంచి కిందికి దిగుతుంది. లావు తీగ ముందు పలుకుతుంది, సన్న తీగ ఆఖర్న పలుకుతుంది. మధ్యలో పట్టే వ్యవధి రెప్పపాటు కూడా ఉండదు, కానీ ఉంటుంది. మీవాళ్లు ఆరింటినీ ఒకేసారి పలికిస్తున్నారు. ఎవరో అలిగి తలుపు వేసుకున్నట్టుంది.

చెయ్యి కిందికి దిగిందో పైకి లేచిందో చెప్పే గుర్తు నొటేషన్‌లో పెట్టుకోవచ్చు. అది ముచ్చటగా అచ్చవుతుంది కూడా. ప్లే నొక్కితే మాత్రం దాన్ని ఖాతరు చెయ్యరు. మీటే వేగాన్ని మార్చుకునే సెట్టింగ్ కోసం మెనూలన్నీ గాలించాను. ఎక్కడ దాచారో చెప్పు.

నేనొక అభ్యాసాల పుస్తకం రాస్తున్నాను. మొత్తం నలభై అభ్యాసాలు. అందుకోసం అడుగుతున్నాను.

మీ అక్క బాగుంది. ఈ నెలంతా పూలకుండీలే చేస్తోంది. ఇల్లంతా మట్టే. జవాబు ఇంటికి రాయకు, పాఠశాలకే రాయి. ఇంటి దగ్గర పోస్టు సరిగ్గా అందడం లేదు.

మీ బావ

*

కార్యాలయం, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 11

బావగారికి నమస్కారాలు.

మా ఆఫీసుకి చేత్తో రాసిన ఉత్తరం రావడం ఇదే మొదలట. కింద రిసెప్షన్‌లో ఉండే ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "ఎవరైనా పోయారా?" అని అడిగింది. "గిటార్ అండీ" అన్నాను. సానుభూతి తెలిపి వెళ్లింది.

ఆ సెట్టింగ్‌ని ఎవరూ దాచలేదు. అసలు లేదు. "గిటార్‌ను సహజంగా వినిపించడం ఎలా" అని శీర్షిక పెట్టి నేనే రెండేళ్ల కిందట ఒక పేజీ మొదలుపెట్టాను. ఆ శీర్షిక ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని కింద రాయడానికే ఏమీ దొరకలేదు.

మీ విన్నపానికి 4417 అని నంబరు పడింది. ఈ సౌకర్యం కావాలని ఇంతవరకు నాలుగు విన్నపాలు వచ్చాయి. అందులో మూడు మీవి. నాలుగో ఆయనకి గిటార్ లేదు, బాంజో ఉంది. మా బృందం పరిశీలిస్తోంది.

ఈలోగా ఒక అడ్డదారి చెబుతాను. గిటార్‌కి ఒక వరుస కాకుండా ఆరు వరుసలు పెట్టండి, తీగకొకటి చొప్పున. ఒక్కో వరుసలో స్వరాన్ని దాని ముందు వరుసలోని స్వరం కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా జరపండి. దీనికి సెట్టింగ్ ఉంది. కాకపోతే ఏ స్వరానికి ఆ స్వరాన్ని విడిగా జరపాలి. ఓపికుంటే పనిచేస్తుంది. ఉండదనే ఉద్దేశంతోనే ఎవరికీ చెప్పలేదు.

పుస్తకం కొన్నవాళ్లు నొటేషన్ చూసి ఎలాగూ సొంతంగానే వాయించుకుంటారు కదా, ప్లే బటన్ ఎలా పలికితే ఏమైంది? ఊరికే అడుగుతున్నాను. ఇంకో మాట. అక్కకి నేను పంపిన ఫొటోలు పంపిన మూడో రోజునే ఇంటికి అందాయి. మీ పోస్టు బాగానే ఉన్నట్టుంది.

మీ బావమరిది

*

సంగీత పాఠశాల, పై అంతస్తు
మార్చి 6

బావమరిదికి,

నీ అడ్డదారిన పడి మూడు వారాలు నడిచాను. రెండు వేల నాలుగు వందల స్వరాలు జరిపాను. తల ప్రాణం తోకకొచ్చింది. దానికి ప్రతిఫలంగా నిమిషం మీద పది సెకన్ల సంగీతం వచ్చింది. ఇప్పుడు చెయ్యి కిందికి దిగుతున్నట్టే ఉంది, కాదనను. కానీ దిగే చెయ్యి ఎవరో గుమాస్తాది. ప్రతి తీగనీ ఒకే బలంతో, కాగితాల మీద ముద్రలు కొట్టినట్టు కొడుతోంది.

ఇంకా రెండు లోపాలున్నాయి, రాసుకో. మొదటిది, గిటార్ మీద వదిలేసిన తీగ దానంతటది ఆగేదాకా మోగుతుంది. మీవాళ్లు స్వరం నిడివి అయిపోగానే దాని పీక నొక్కేస్తున్నారు. రెండోది, ఎడమచేతి వేళ్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జరిగేటప్పుడు లావు తీగల మీద చిన్న కీచుమన్న చప్పుడు వస్తుంది. ఎంత గొప్పవాడు వాయించినా వస్తుంది. అది లేకపోతే వేళ్లే లేవని అర్థం. మీ గిటార్‌కి వేళ్లు లేవు.

మీ అక్క కుండీలు ఇచ్చి రావడానికి దుకాణానికి వెళ్లినప్పుడు, కంప్యూటర్‌ని నా గదిలో మోగుతూ ఉంచి, తలుపు మూసి, ఆమె పనిబల్ల దగ్గర ఆమె పీట మీదే కూర్చుని విన్నాను. పన్నెండడుగుల దూరం. మధ్యలో ఒక గోడ, ఒక చెక్క తలుపు. కళ్లు మూసుకుని విన్నా, తెరుచుకుని విన్నా అది నేను కాదు.

ఏదో ఒకటి చెయ్యి.

బావ

*

కార్యాలయం, నాలుగో అంతస్తు
మార్చి 15

బావగారికి,

కీచుచప్పుడు సాధించాను. మా ఆఫీసులో పనిచేసే నూట ఇరవై మందిలో ఒక్కరి దగ్గరా గిటార్ లేదు. సంగీతం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం అని బయట చెప్పకండి. అందుకని నా ఆఫీసు సంచి జిప్పుని గోటితో నెమ్మదిగా గీకి ఫోన్‌లో రికార్డు చేశాను. పదకొండు రకాలు వచ్చాయి. వాటిని ఈ ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. డోలు వరుస ఒకటి కొత్తగా పెట్టి, దాన్ని కనబడకుండా దాచి, డోలు దెబ్బ బదులు జిప్పు మోగేలా చెయ్యండి. నాలుగో రకం బాగుంటుంది. ఏడోది బాగోదు, అందులో మా మేనేజర్ దగ్గు పడింది.

తీగ మోగుతూ ఉండాలంటే స్వరం నిడివిని వెనకాల పెంచి, పైకి మాత్రం పాత నిడివే కనబడేలా చేయవచ్చు. బలం సంగతికొస్తే, ఒక్కో స్వరానికీ ఒక అంకె ఉంటుంది. మార్చుకోండి. అవును, ఒక్కోదానికీ విడిగానే.

ఇక నేను అడగాల్సింది అడుగుతాను. పుస్తకం చదివేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని వింటారు. పక్క గదిలో, మూసిన తలుపు అవతల, మా అక్క పీట మీద కూర్చుని ఎవరూ వినరు. బావా, ఇది ఎవరి చెవుల కోసం?

మీ బావమరిది

*

సంగీత పాఠశాల, పై అంతస్తు
మార్చి 24

బావమరిదికి,

నాలుగో రకం జిప్పు చాలా బాగుంది. ఆరో అభ్యాసంలో పెట్టి విన్నాను. నా వేళ్లే అనుకున్నాను.

నీ ప్రశ్నకి జవాబు. నా ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు పోయిన ఏడాది ఆఖరు నుంచి నా మాట వినడం లేదు. గిటార్ పట్టుకోగానే రెండూ వాటంతటవే అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. టీ గ్లాసు పట్టుకుంటే ముడుచుకోవు. చొక్కా గుండీలు పెట్టుకుంటే ముడుచుకోవు. గిటార్‌తోనే వాటికి పేచీ. డాక్టర్ దగ్గరికి వెళితే, ఏళ్ల తరబడి ఒకే పని చేసిన వేళ్లకి ఒక్కోసారి ఇలా అవుతుందన్నాడు. తగ్గుతుందా అంటే, తగ్గినవాళ్లు ఉన్నారన్నాడు. ఎంతమంది అంటే నీళ్లు నమిలాడు.

పాఠశాలలో ఇబ్బంది లేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తిరుగుతూ పిల్లల చేత వాయిస్తున్నాను. మాస్టారికి ఈ మధ్య పెద్దరికం వచ్చిందని అనుకుంటున్నారు.

ఇంట్లోనే చిక్కు. రోజూ పొద్దున్న తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా నేను నా గదిలో తలుపేసుకుని వాయించుకోవడం, పక్క గదిలో మీ అక్క మట్టి పని చేసుకోవడం, ఇరవై రెండేళ్లుగా జరుగుతోంది. ఒక్కరోజూ బాగుందని అనలేదు. బాగోలేదనీ అనలేదు. పదకొండింటికి నేను బయటికొస్తే టీ పెడుతుంది. అంతే. జనవరి సగం నుంచి ఆ గదిలో వాయిస్తున్నది మీ సాఫ్ట్‌వేర్. నేను దాని పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాను. బయటికొచ్చి అలసిపోయినట్టు మొహం పెట్టి టీ తాగుతున్నాను.

చెప్పేయొచ్చు కదా అంటావు. చెప్పలేను. నేను కరెంటాఫీసు ఉద్యోగం మానేసి గిటార్ పట్టుకున్నది మా పెళ్లైన ఏడాది. "నాకు వచ్చింది ఇదొక్కటే" అన్నాను ఆమెతో. "సరే, అదే చెయ్యండి" అంది. ఆ ఇంట్లో నేను చేసిందంటూ ఉంటే ఆ రెండు గంటలే. అదీ పోయిందని తెలిశాక నేను ఆమెకి ఏమవుతానో నాకు తెలియదు. భయంగా ఉంది. ఇంకోలా చెప్పడం చేతకాక ఇలా చెబుతున్నాను.

అక్కకి చెప్పనని మాటివ్వు. పదకొండో అభ్యాసంలో నాలుగో తీగ బలం ఎంత పెట్టాలో కూడా చెప్పు.

బావ

*

కార్యాలయం, నాలుగో అంతస్తు
ఏప్రిల్ 2

బావా,

చెప్పను. మాటిస్తున్నాను. ఇస్తున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. "మా బృందం పరిశీలిస్తోంది" అని రాశాను కదా. ఆ బృందం నేనే. సహాయం పేజీలతో పాటు, వచ్చిన విన్నపాలని చూసి పనికిరానివి మూసేయడం కూడా నా పనే. 4417ని వచ్చిన రోజునే నేనే మూసేశాను. కారణం అన్నచోట "అడిగేవారు లేరు" అని రాశాను. రోజుకి నలభై మూస్తాను, చెయ్యి తిరిగిపోయింది. నిన్న తిరిగి తెరిచాను. తెరిచినప్పుడూ కారణం రాయాలి. చాలాసేపు ఆలోచించి "అడిగేవారు ఉన్నారు" అని రాశాను.

నాలుగో తీగ బలం అరవై రెండు.

మీ బావమరిది

*

సంగీత పాఠశాల, పై అంతస్తు
ఏప్రిల్ 9

అరవై రెండు ఎక్కువైంది. యాభై ఎనిమిది పెట్టాను. మూసినందుకు తిడదామనుకున్నాను, తెరిచావు కాబట్టి సగం తిట్లు మినహాయించాను. మిగతా సగం ఎదురుగా కనబడ్డప్పుడు.

బావ

*

కార్యాలయం, నాలుగో అంతస్తు
మే 17

బావా,

అక్క నిన్న ఫోన్ చేసింది. కంగారుగా ఉంది. మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం కలపలేదు.

"ఏరా, మీ బావ ఈ మధ్య శ్రుతి చేసుకోవడం మానేశారు. ఇదివరకు కూర్చోగానే పావుగంట టింగు టింగుమంటూ బిరడాలు తిప్పుకునేవారు. ఇప్పుడు తలుపేసుకున్న మరు నిమిషం పాట మొదలు. అడిగితే కొత్తరకం తీగలట, శ్రుతి తప్పవట. అలాంటివి ఉంటాయా?"

ఉంటాయేమో అన్నాను.

"ఇంకోటి. తప్పులు రావట్లేదు. ఒకచోట తప్పు పడితే అక్కడే పట్టుకుని పాతికసార్లు వాయించేవారు. ఆ ముక్క నాకు కంఠతా వచ్చేది. ఇప్పుడు మొదట్నుంచి చివరిదాకా గడగడా వాయించేస్తున్నారు. ఇంట్లో సాధన చేసుకునే మనిషి అలా వాయించరు. ఎక్కడో కచేరీలకి తయారవుతున్నారు. ఎవరో పిలిచుంటారు. ఊళ్లు పట్టుకు తిరగడానికి వెళ్లిపోతారేమో. నాతో అనలేక నానుస్తున్నారు. నీకేమైనా రాశారా?"

రాయలేదన్నాను. అక్కతో నేను అబద్ధం ఆడడం ఇది రెండోసారి. మొదటిసారి నాకు ఏడేళ్లు, దొంగతనంగా తిన్నది బెల్లం. అప్పుడు దొరికిపోయాను.

ఆవిడ మీ గురించి భయపడుతోంది. మీరు ఆవిడ గురించి భయపడుతున్నారు. మధ్యలో నేను జిప్పులు గీకుతున్నాను. ఆలోచించండి.

మీ బావమరిది

*

సంగీత పాఠశాల, పై అంతస్తు
జూన్ 20

బావమరిదికి,

నీ ఉత్తరం చదివాక పైప్రాణాలు పైనే పోయాయి. శ్రుతి! ఇరవై రెండేళ్లుగా రోజూ చేసే పని. మర్చిపోయానంటే ఎవరైనా నమ్ముతారా? కంప్యూటర్‌కి శ్రుతి తప్పదు కాబట్టి నాకు తట్టలేదు.

నెల రోజులు కష్టపడి శ్రుతి చేసుకోవడాన్ని కూడా నొటేషన్‌లో రాశాను. శ్రుతి తప్పిన తీగ కొంచెం కొంచెంగా పైకి జరిగి సరైన చోటికి రావాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో స్వరాన్ని అంత సన్నగా జరిపే మీట లేదు, ఇది 4418 అనుకో. ఉన్నదాంతోనే తంటాలు పడ్డాను. పావుగంట శ్రుతి రాయడానికి పదిహేడు పేజీలు పట్టింది. అచ్చువేస్తే ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే అవుతుంది.

తర్వాత తప్పులు పెట్టాను. ఇదే కష్టం. ఒకచోట తప్పు పెట్టి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే తప్పేలా రాయాలి. ఏ తప్పు పెట్టినా కావాలని పెట్టినట్టే ఉంది. పాత క్యాసెట్లు తీసి నా తప్పులు నేను విని నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో తప్పుల మీద నాకు ఇంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

ఇంకో కష్టం ఉంది. మట్టి ముద్దని కోయడానికి మీ అక్క నా పాత గిటార్ తీగలే వాడుతుంది. నెలకొకటి అడుగుతుంది. వాయిస్తేనే తీగ పాతబడుతుంది. వాయించని తీగ పాతబడదు. అందుకని ఆమె అడిగినప్పుడల్లా బాగున్న తీగని విప్పి, వంటసోడాతో రుద్ది మసకబార్చి ఇస్తున్నాను. నా గిటార్ మీద ఇప్పుడు రెండు తీగలే మిగిలాయి. గదిలోంచి మాత్రం ఆరు వినిపిస్తున్నాయి.

మొన్న పదింటప్పుడు తలుపు దగ్గర ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు కొట్టలేదు, పిలవలేదు. కాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయింది. మధ్యలో చెక్క తలుపే. లేచి తీసేస్తే సరిపోయేది. నా వేళ్లు గిటార్ ముందే కాదు, గడియ ముందూ ముడుచుకుపోయాయి.

కచేరీలకి నేను ఎక్కడికీ పోవడం లేదని ఆమెకి ఎలాగోలా చెప్పు.

బావ

*

కార్యాలయం, నాలుగో అంతస్తు
జులై 28

బావా,

కచేరీల సంగతి చెప్పాను. "నీకెలా తెలుసు?" అంది. ఫోన్ కట్ అయినట్టు నటించాను. ఇక నా వల్ల కాదు.

ఒక వార్త. మంగళవారం మీటింగులో 4417 చర్చకు వచ్చింది. ఏడుగురు పెద్దలు. "గిటార్ ఇప్పుడు బాగానే పలుకుతోంది కదా" అన్నాడు ఒకాయన. నేను ఏమీ వాదించలేదు. మీరు జూన్ ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్‌లో పంపిన పదిహేడో అభ్యాసం కంప్యూటర్‌లో పెట్టి, ఏడుగురినీ వరండాలో నిలబెట్టి, మీటింగు గది తలుపు మూసేశాను. అందరూ విన్నారు. "ఎవరిని పిలిపించావు? బాగా వాయిస్తున్నాడు. కానీ ఇంకాస్త సాధన చెయ్యాలి" అన్నాడు అదే పెద్దమనిషి. తలుపు తీశాను. ఖాళీ కుర్చీలు. ఒకావిడ బల్ల కింద కూడా చూసింది.

దీన్ని ఒక మనిషి నాలుగు నెలలు, ఒక్కో స్వరాన్నీ చేత్తో జరిపి చేశాడని చెప్పాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. మా మీటింగుల్లో ఇది రికార్డు. తర్వాత ఒప్పుకున్నారు. మీటే వేగం, దిశ, బలంలో తేడాలు, తీగ మోగడం, వేళ్ల చప్పుడు, అన్నింటికీ మీటలు పెడతారు. సెప్టెంబరులో వస్తుంది. వేళ్ల చప్పుడుకి నా జిప్పునే వాడతామంటున్నారు.

ఇక మీకు సుఖం. మీట జరిపితే చాలు, ఎవరూ ఎప్పటికీ కనిపెట్టలేరు. వాళ్లు ఒప్పుకున్నప్పటి నుంచీ నాకు మనసేం బాగోలేదు. సెప్టెంబరు రాకముందే అక్కకి చెప్పేయండి బావా. ఆ తర్వాత మీరు చెప్పరు.

మీ బావమరిది

*

ఇల్లు, మీ అక్క పనిబల్ల
ఆగస్టు 9

బావమరిదికి,

నీ మీటలు నాకు అవసరం లేదు. బాంజో ఆయన కోసం పెట్టించు.

సోమవారం మీ అక్క తొమ్మిదిన్నరకి కప్పుల బుట్ట పట్టుకుని దుకాణానికి బయల్దేరింది. పదిహేడో అభ్యాసం మోగుతూనే ఉంది. వంటింట్లోంచి ఎలా వినిపిస్తుందో చూద్దామని వెళ్లి, వెళ్లినవాణ్ణి ఊరుకోక టీ పెట్టుకున్నాను. బాగా వినిపిస్తోంది. ఇంతలో వీధి తలుపు గంట మోగింది. గంట మోగితే తలుపు తియ్యాలి. నేను వెళ్లి తీశాను.

ఎదురుగా మీ అక్క. కళ్లజోడు మర్చిపోయిందట.

ఆమె గుమ్మం అవతల, నేను గుమ్మం ఇవతల. నా ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో గడియ. వెనకాల గదిలో గిటార్ తన మానాన తాను వాయించుకుపోతోంది. కీచుచప్పుడు సరిగ్గా పడాల్సిన చోట పడింది. మీ అక్క నా చేతుల వైపు చూసింది, మూసి ఉన్న గది తలుపు వైపు చూసింది, మళ్లీ నా చేతుల వైపు చూసింది.

"ఎవరు వాయిస్తున్నారు?" అంది.

"నేనే" అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు.

బుట్ట కింద పెట్టి గదిలోకి వెళ్లింది. తలుపు వెనక కూడా చూసింది. తర్వాత నా కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెర మీద జరిగిపోతున్న గీతని చూస్తూ వింది. ఒకచోట తప్పు పడింది. ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడే తప్పింది. "ఇది కూడా మీరు పెట్టిందేనా?" అని అడిగింది. తలూపాను. గోడకి ఆనించి ఉన్న గిటార్‌నీ, దాని మీద మిగిలిన ఒక్క తీగనీ చూసింది. పాట అయిపోయింది.

"చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. నన్ను పక్కన కూర్చోబెట్టి, గిటార్ తీసి నా ఒళ్లో పెట్టింది. "పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. రెండు వేళ్లూ ముడుచుకున్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటిగా విప్పింది. వదలగానే మళ్లీ ముడుచుకున్నాయి. నాలుగుసార్లు విప్పింది. ఐదోసారి విప్పకుండా గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

"ఎన్నాళ్లనుంచి?"

చెప్పాను. అప్పుడొచ్చింది కోపం. ఇన్నేళ్లలో ఆమెకి అంత కోపం రావడం నేను చూడలేదు. ఏడు నెలలు! డాక్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్లారా! నేనేమన్నా పరాయిదాన్నా! ఏమనుకుంటాననుకున్నారు! నీకు మార్చిలో రాసిందే ఆమెకీ చెప్పాను. గిటార్ లేకపోతే నేను నీకు ఏమవుతానో తెలియక చెప్పలేదన్నాను.

మీ అక్క నా ఒళ్లోంచి గిటార్ తీసి గోడకి ఆనించింది. తర్వాత చాలా మామూలుగా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"నాకు గిటార్ అంటే మొదట్నుంచీ పడదు."

నేను అర్థం కానట్టు చూశాను. "అవునండీ. ఆ టింగు టింగు నాకు పడదు. పెళ్లైన కొత్తలో తలనొప్పి వచ్చేది. మీరు అంత ఇష్టంగా వాయించుకుంటుంటే ఏమనను? తర్వాత అలవాటైపోయింది. అది వినిపిస్తుంటే గోడవతల మీరున్నట్టు. ఆగితే తలెత్తి చూసేదాన్ని. మళ్లీ మొదలైతే పని చూసుకునేదాన్ని. అంతే. పాట ఏమిటో నేనెప్పుడు విన్నాను?"

ఇరవై రెండేళ్లు! నాకు నవ్వొచ్చింది. నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేశాను. ఆమె కూడా ఏడ్చింది. దుకాణంవాడు కప్పులేవని ఫోన్ చేశాడు. తియ్యలేదు.

ఇంకో సంగతి బయటపడింది. గిటార్ తనకి పడదని నీకు తెలుసట. పెళ్లైన ఏడాదే చెప్పిందట, నాతో అననని మాట తీసుకుందట. మాట నిలబెట్టుకునే నీ అలవాటు ఈ ఇంటికి చాలా నష్టం చేసింది. నువ్వొక్క ముక్క రాసుంటే నేను పదిహేడు పేజీల శ్రుతి రాసేవాణ్ణి కాదు. ఏప్రిల్‌లో మినహాయించిన సగం తిట్లూ మళ్లీ ఖాతాలో కలిపేశాను.

వచ్చే వారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. వేళ్ల సంగతి నాకు పెద్ద ఆశ లేదు. ఉన్నట్టు రాయను. వాయించకుండా పొద్దున్నే లేవడం కష్టంగానే ఉంది. పుస్తకం మాత్రం పూర్తి చేస్తాను, ఆరు తీగలూ ఒకేసారి మోగితే మోగనీ.

మరుసటి రోజు తొమ్మిదింటికి ఏ గదిలో కూర్చోవాలో తెలియలేదు. కంప్యూటర్ తెచ్చుకుని ఇదిగో ఈ బల్లకి ఒక చివర కూర్చున్నాను. చప్పుడు పూర్తిగా తీసేసి నొటేషన్ రాసుకుంటున్నాను. రెండో చివర ఆమె మట్టి పిసుకుతోంది. పావుగంట అయింది. తలెత్తి చూసింది. ఇంకో పావుగంటకి మళ్లీ చూసింది. ఎదురుగానే ఉన్నాను కదా అన్నాను.

"ఉన్నారు. అయినా ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండండి. అలవాటైపోయింది" అంది.

నాకు పాడడం రాదు. ఈల వేస్తే కుండీలు పగులుతాయంది. అందుకని ఈ ఉత్తరం మొదట్నుంచీ పైకి చదువుకుంటూ రాస్తున్నాను. ఆమె వింటూనే ఉంది. తలనొప్పి సంగతి వాడికెందుకు అంటోంది. కూరలో ఉప్పు మాట కొట్టెయ్యమంటోంది. కొట్టెయ్యను. చెప్పాల్సింది అయిపోయింది, కాగితమూ అయిపోవచ్చింది. ఆపితే తలెత్తి చూస్తుంది. ఇంకో కాగితం తీసుకుంటున్నాను.